బుర్రావారి జీపూ, నాగాయమ్మ మంచమూ

దేవుడు తెలివి పంచుకుంటూ పోతుంటే, సరిగ్గా బుర్రావారి గుమ్మం ముందు గంప బోర్లా పడిందట. ఈ మాట నేనన్నది కాదు, వాళ్ళే చెప్పుకుంటారు. "ఇంటిపేరే బుర్రా అయినప్పుడు లోపల సరుక్కి లోటేముంటుంది?" అని పెద్దోడు తాతారావు మీసం దువ్వుతాడు. "మరే!" అని చిన్నోడు నూకరాజు తలూపుతాడు. వాళ్ళమ్మ నాగాయమ్మయితే ప్రతి ఆదివారం ఇద్దర్నీ గుమ్మంలో నిలబెట్టి, ఉప్పూ మిరపకాయలూ తలచుట్టూ తిప్పి, "నా బిడ్డల తెలివి మీద పడ్డ కళ్ళు పేలిపోనూ" అంటూ పొయ్యిలో పడేస్తుంది. ఆ ఇంట్లో మిరపకాయలు కూరకంటే దిష్టికే ఎక్కువ ఖర్చవుతాయి.

ఆ తెలివికి మూలసూత్రం వాళ్ళ నాన్న చెప్పి పోయాడు. "చెప్పింది చెప్పినట్టు చేసేవాడే బుద్ధిమంతుడురా" అని ఆ మాట చెప్పి, ఓ పాత జీపు చేతిలో పెట్టి కన్నుమూశాడు. కొడుకులు సూత్రాన్నీ వదల్లేదు, జీపునీ వదల్లేదు. రెండిట్లో ఏదో ఒకటి వదిలేసినా ఊరు బాగుపడేది.

వీళ్ళ ఊరు కొండ కింద. సంత కొండ మీద. ప్రతి గురువారం చింతపండు బస్తాలతో, పసుపు మూటలతో ఆడవాళ్ళంతా జీపెక్కుతారు. ఘాటీలో మూడో మలుపు దగ్గర జీపు గుర్రు పెట్టి ఆగిపోతుంది. ఇంకేముంది, ఆడవాళ్ళు దిగి తోస్తారు. ఎన్నాళ్ళని తోస్తారు? ఓ గురువారం సంతలో వాళ్ళ పెద్దదిక్కు మంగాయమ్మ కొంగు దోపి నిలబడింది.

"చార్జీ మేమే ఇచ్చి, బండీ మేమే తొయ్యాలా? వచ్చే సంతకి మేం కాలు కింద పెట్టకుండా ఘాటీ ఎక్కించినోడి జీపే ఇక మా జీపు. అంతే."

ఆ పక్కనే సూరన్న నవ్వాడు. ఈ సూరన్న ఎవరనుకున్నారు? ఒకప్పుడు తాతారావు వాళ్ళ నాన్న దగ్గర క్లీనరు. ఇదే జీపు వెనక వేలాడుతూ "రైట్ రైట్" అన్నవాడు. ఇప్పుడు సొంతానికి కొత్త జీపు కొన్నాడు. అయినా తాతారావుకి వాడు ఇంకా "ఒరే సూరీ"నే. ఆ నవ్వు చూసేసరికి తాతారావుకి ఒళ్ళు మండింది.

"ఒరే సూరీ! మా జీపు ఘాటీ ఎక్కకపోతే నీ జీపు మీద క్లీనరుగా చేరతాను. నిన్ను గారూ అని పిలుస్తాను. చాలా?" అన్నాడు.

సంతంతా విన్నది. నోరు జారడం ఎంతసేపు? ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు తాతారావుకి. "సూరన్న గారూ" అని ఒక్కసారి లోపల అనుకుని చూశాడు. ఆముదం తాగినట్టయింది. నాన్న జీపు, నాన్న క్లీనరు, ఆ క్లీనరుకి తను క్లీనరు! చచ్చినా కాకూడదనుకున్నాడు.

తెల్లారగానే అన్నదమ్ములిద్దరూ అడ్డరోడ్డులో కరీముల్లా మేస్త్రీ షెడ్డుకి పోయారు. మేస్త్రీ దగ్గర చచ్చిన లారీలోంచి తీసిన టర్బో ఒకటుంది, చూడ్డానికి పెద్ద నత్తగుల్లలా. ఇంజను వదిలే పొగ తోసే ఊపుకి దాని లోపలి చక్రం గిర్రున తిరిగి, ఇంజనులోకి గాలి ఎక్కించి కొడుతుంది. ఇంజనుకి కొత్త ఊపిరొస్తుంది. మేస్త్రీ దాన్ని తక్కువలో బిగించి పెట్టాడు. ఇక టర్బో నుంచి జీపు వెనక దాకా పొగగొట్టం ఒకటి కావాలి.

"అది కూడా నేనే చేస్తాలే" అన్నాడు పాపం ఆ మహానుభావుడు.

"దానికి మీకెందుకు కూలి దండగ, మేస్త్రీగారూ? మాకు బుర్ర లేదా?" అన్నాడు తాతారావు.

మేస్త్రీ వేరే ఇంజను కింద పడుకుని, తల బయటపెట్టకుండానే గడగడా చెప్పేశాడు. "స్టీలు పైపు మీ తాహతు కాదు. మామూలు ఇనుప పైపు చాలు. అయస్కాంతం పట్టుకెళ్ళండి, అంటుకుంటే ఇనుము. తెల్లపూత నీళ్ళపైపు మాత్రం వద్దు, దాన్ని వెల్డింగు చేస్తే వచ్చే పొగ విషం. చెయ్యంత లావుండాలి. వేడికి ఇనుము పెరుగుతుంది, కాస్త చోటు వదలండి. వెల్డింగు మంట వైపు కళ్ళు పెట్టి చూడకండి. అంతా అయ్యాక సబ్బునురగ రాసి లోపలికి గాలి కొట్టండి. బుడగ లేచిందా, లీకున్నట్టు. మూసెయ్యండి. ఒక్క లీకున్నా టర్బో దండగే. ఇంకోటి, బరువు తగ్గితే ఏ బండైనా ఎక్కుతుంది. ఎక్కువ ఎక్కించకండి."

"అక్షరం జవదాటం" అని ఇద్దరూ దండం పెట్టారు. జవదాటితే బాగుండేది.

ఇనుప కొట్టుకి పోయారు. నూకరాజు జేబులోంచి అయస్కాంతం తీసి ముందుకి చాపాడు. అది టప్పున తూకం కాటాకి అంటుకుంది.

"ఇనుమే అన్నియ్యా! ఇది ఇచ్చెయ్యమందాం."

"అది కాటా నాయనా" అన్నాడు కొట్టు శెట్టి.

"అంటుకుందిగదండీ మరి?"

శెట్టి ఓపిగ్గా అయస్కాంతం పీకి పైపుల దగ్గర పెట్టాడు. అక్కడా అంటుకుంది. "ఎంత లావు కావాలి?" అన్నాడు.

"చెయ్యంత" అని ఇద్దరూ చేతులు చాపారు. తాతారావు చెయ్యి రోకలి. నూకరాజు చెయ్యి అగరొత్తి. ఎవరి చెయ్యంత? "పెద్దోణ్ణి నేను" అంటాడు అన్న. "మేస్త్రీ నా చెవిలో పడేలా చెప్పాడు" అంటాడు తమ్ముడు. "అలాగయితే అమ్మకి మాత్రం చెయ్యి లేదా?" అని ఇద్దరికీ ఒకేసారి తోచింది. తల్లిని మర్చిపోతే కళ్ళు పోవూ! అంతే, తలో చెయ్యి లావునా మూడు ముక్కలు కొన్నారు. అమ్మ చేతి లావులో తెల్లపూత పైపే ఉంది.

"తెలుపు వద్దన్నాడు కదరా మేస్త్రీ?"

"నల్లరంగు వేసేద్దాం అన్నియ్యా. అప్పుడు తెలుపెక్కడ?"

తాతారావు తమ్ముడి వీపు తట్టాడు. అలాంటి తమ్ముడు ఎవరికి దొరుకుతాడు? ఎవరికీ వద్దు కూడా.

శెట్టి ఆఖరిసారి నోరు విప్పాడు. "జీపు చివరి దాకా రావాలంటే ఇంకో మూర పడుతుంది, బాబూ."

"పెరుగుతుందండీ" అన్నాడు తాతారావు గొప్పగా. "వేడికి ఇనుము పెరుగుతుందని మేస్త్రీ చెప్పాడు. పెరగబోయేదానికి ముందే డబ్బులిస్తామా? మేమేం వెర్రివాళ్ళమా?"

శెట్టి గబగబా చిల్లర చేతిలో పెట్టాడు.

ఇంటికి తెచ్చి పైపుల్ని పెరట్లో ఎండబెట్టారు. నాగాయమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. "పెరగాలంటే నీళ్ళు పొయ్యొద్దురా?"

"ఇది ఆనపపాదు కాదమ్మా, ఇనుము!" అని తాతారావు కసిరాడు. శాస్త్రం తెలిసినవాడాయె! కొబ్బరిపీచు పోగేసి పైపుల కింద మంట పెట్టాడు. నూకరాజు తాడుతో కొలత తీసి, ఆ తాడు మంట పక్కనే పెట్టాడు. తాడు కొస అంటుకుని మూరెడు కాలిపోయింది. కాసేపాగి అదే తాడుతో మళ్ళీ కొలిచాడు.

"అన్నియ్యా! మూరెడు పెరిగింది!"

ఇంకేముంది, అన్నదమ్ములిద్దరూ మంటచుట్టూ చిందులు. నాగాయమ్మ ఆదివారం కాకపోయినా మిరపకాయలు తీసింది. తీరా పైపులు చల్లార్చి జీపు కింద పెట్టి చూస్తే, మూరెడు తక్కువే.

తాతారావు నెత్తి బాదుకున్నాడు. నూకరాజే బుర్ర గోక్కుని విషయం తేల్చాడు. "జీపూ ఇనుమే కదా అన్నియ్యా. అదీ పొద్దుణ్ణుంచీ ఎండలోనే ఉంది. అదీ పెరిగుంటుంది."

ఆ మాటతో తాతారావు మనసు కుదుటపడింది. కానీ మూర తక్కువైతే తక్కువే కదా! మళ్ళీ కొట్టుకి పోతే శెట్టి నవ్వుతాడు. శెట్టి నవ్వితే సూరిగాడికి తెలుస్తుంది. అటూ ఇటూ చూశాడు. అరుగు మీద నాగాయమ్మ ఇనుప మంచం కనిపించింది. కాళ్ళూ, చట్రమూ, తలవైపు కమ్మీలూ అన్నీ లోపల డొల్లగా ఉండే గొట్టాలే. అయస్కాంతం పెట్టి చూశాడు. అంటుకుంది.

"అమ్మా, నీ మంచం కాలు ఒకటి కావాలి."

"నా పెళ్ళినాటి మంచంరా సన్నాసీ!"

"ఊరికే అతికించి, తర్వాత ఆ కాలు ఒక్కటే కోసుకుంటామే."

గేట్లు చేసే అతని దగ్గర వెల్డింగు మిషను అద్దెకి తెచ్చారు. మొహానికి అడ్డం పెట్టుకునే నల్లద్దం కూడా ఇచ్చాడు. దాన్ని వీళ్ళేం చేశారు? "అమ్మకి చూపు ఆనదు పాపం" అని నాగాయమ్మ మొహానికి తగిలించారు. తర్వాత, మంట వైపు చూడొద్దన్నాడు కదా మేస్త్రీ, ఇద్దరూ కళ్ళు గట్టిగా మూసుకున్నారు. తాతారావు పైపు పట్టుకున్నాడు, నూకరాజు రాడ్డు అంటించాడు. చిటపటా చిటపటా!

"అమ్మా, రాడ్డు ఎటు జరపాలో చెప్పవే!" అన్నాడు నూకరాజు.

"ఏం కనబడట్లేదురా! చీకటి పడిపోయింది. దీపం పెట్టొస్తానుండండి" అంది నాగాయమ్మ, మిట్టమధ్యాహ్నం.

తెల్లటి పొగ కమ్ముకొచ్చింది. ఇద్దరూ ఒకటే దగ్గు. కళ్ళు మాత్రం తెరవలేదు, మాటంటే మాటే. పని అయ్యాక తెరిచి చూస్తే, పెద్దోడి చేతి లావు పైపులో చిన్నోడి చేతి లావు పైపు దూరి, దాని చివర అమ్మ చేతి లావుది తగులుకుని, అది మంచం కాలికే కాదు, చట్రానికీ, తలవైపు కమ్మీలకీ కూడా ముద్దలు ముద్దలుగా అతుక్కుపోయి ఉంది. నూకరాజు చొక్కా గుండీ కూడా ఎక్కడో అందులోనే ఉంది. సాయంత్రానికి ఇద్దరికీ చలీ, వణుకూ.

"నల్లరంగు వేసినా తెల్లపొగే వచ్చింది చూడు. రంగులవాడు మోసం చేశాడు" అని దుప్పట్లోంచి మూలిగాడు తాతారావు. నాగాయమ్మ మిరియాల కషాయం పోసింది.

మర్నాడు లేచి మంచం కోద్దామంటే తల్లి అడ్డం పడింది. "నా మంచం మీద రంపం పెట్టారో, నా శవాన్ని చూస్తారు!" అంది. అంతే, తల్లి మాట కూడా చెప్పింది చెప్పినట్టే. మంచంతో సహా గొట్టాన్ని జీపుకి బిగించేశారు. నత్తగుల్లలోంచి బయలుదేరిన పొగ మూడు లావుల పైపుల్లోంచి మంచం కాల్లోకి, కాల్లోంచి చట్రంలోకి, చట్రంలోంచి తలవైపు కమ్మీలోకి వెళ్ళి, ఆ కమ్మీ కొసన బయటికి రావాలి. జీపు వెనక మంచం వేలాడుతూ, దాని మీద దిండు కూడా. లోకంలో ఏ జీపుకీ ఉండదు ఆ వైభోగం.

తర్వాత సబ్బునురగ. టైర్లకి గాలి కొట్టే పంపు తెచ్చి, టర్బో దగ్గర్నుంచి లోపలికి కొట్టారు. అతుకుల దగ్గర చిన్నచిన్న బుడగలు లేచాయి, మూశారు. మంచం కమ్మీ కొసన మాత్రం గుమ్మడికాయంత బుడగ లేచి పేలింది. తెరిచి ఉన్న చివర అది, లేవదా మరి? గాలి కొట్టేముందు చివర గుడ్డ కుక్కాలని మేస్త్రీ చెప్పలేదు. మనుషులకి చెబుతున్నాననుకున్నాడు.

"బాబోయ్! ఎంత లీకో చూడరా!" అని తాతారావు గుండె బాదుకున్నాడు. "ఇది చూసుకోకపోతే పరువు పోయేది!"

కళ్ళు మూసుకుని దాన్నీ వెల్డింగు చేసేశారు. మళ్ళీ గాలి కొడితే ఎక్కడా ఒక్క బుడగ లేదు. తాతారావు ఆ రాత్రి కడుపునిండా తిని, "ఒరే సూరీ, ఒరే సూరీ" అని కలవరిస్తూ నిద్రపోయాడు.

గురువారం పొద్దున్నే ఆడవాళ్ళంతా మూటలతో వచ్చారు. మంచం చూసి మంగాయమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "ఇదేంటి తాతారావూ?"

"టర్బో" అన్నాడు తాతారావు.

తాళం తిప్పాడు. జీపు గుర్రుమని, ఠుస్సుమని ఆగింది. మళ్ళీ తిప్పాడు. ఠుస్సు. ఎదర సూరన్న జీపు హారన్ కొడుతోంది. తాతారావుకి ముచ్చెమటలు పోశాయి. మేస్త్రీకి ఫోను కొట్టాడు. "లీకు లేదు మేస్త్రీగారూ, ఒక్క చుక్క లేదు, చివర కూడా మూసేశాం, అయినా..."

"చివర మూసేస్తే పొగ ఎటు పోతుందిరా, మీ ముక్కుల్లోంచా?" అని మేస్త్రీ అరిచిన అరుపు ఫోను లేకపోయినా వినబడేది. "కొయ్యండిరా ఆ కొస!"

కోశారు. ఈసారి నాగాయమ్మ కూడా అడ్డం పడలేదు, మంచం ఎక్కడుంటే తనూ అక్కడేనని ముందు సీటెక్కి కూర్చుంది. తాళం తిప్పితే జీపు భళ్ళున లేచింది! టర్బో ఈల వేసింది. మొదటి మలుపు ఎక్కింది. రెండో మలుపూ ఎక్కింది. వెనక మంచం తలాపున నల్లటి పొగ. తాతారావుకి కళ్ళనీళ్ళు తిరిగాయి. నాన్న ఉంటే ఎంత మురిసేవాడో! అద్దంలో సూరన్న జీపు వెనకబడి కనిపించింది. నిజం చెప్పొద్దూ, అంత చెత్త అతుకుల మీద కూడా ఆ జీపు ఎక్కడం నాకే ఆశ్చర్యం.

మూడో మలుపు దగ్గర పొగ నూకరాజు చేతి లావు పైపు దగ్గర ఇరుక్కుందో ఏమో, జీపు నీరసించింది. అడుగు తీసి అడుగు వెయ్యదు. తాతారావు మొదటి గేరేశాడు. బండి ములుగుతూ నిలబడిపోయింది.

"అందరూ కూర్చోండి! ఎవరూ దిగడానికి వీల్లేదు!" అని అరిచాడు.

"అన్నియ్యా, బరువు తగ్గితే ఏ బండైనా ఎక్కుతుందన్నాడు కదా మేస్త్రీ?" అన్నాడు వెనక వేలాడుతున్న నూకరాజు.

"ఆడవాళ్ళు దిగకూడదురా, పందెం!"

"ఆడవాళ్ళు దిగకూడదు. మనం దిగొచ్చుగా?" అని నూకరాజు దూకేశాడు. జీపు రెండడుగులు ముందుకి కదిలింది.

"చూశావా!" అన్నాడు నూకరాజు.

తాతారావు మొహం వెలిగిపోయింది. ఈ అగరొత్తి దిగితేనే రెండడుగులు వేసిందే! మరి తను వీడికి మూడింతలు. తను దిగితే? గాల్లో లేచిపోదూ! అంతే, గేరు తీసి, స్టీరింగు వదిలి, తలుపు తెరిచి, దర్జాగా రోడ్డు మీదికి దిగాడు.

జీపు ఒక్క క్షణం ఆలోచించింది. ఆ ఇంట్లో ఆలోచించేది అదొక్కటే. ఆలోచించి, వెనక్కి బయలుదేరింది.

"ఒరే తాతారావూ! ఇది ఎక్కట్లేదురా, దిగుతోంది!" అని నాగాయమ్మ కేక. ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. వాళ్ళ అదృష్టం బాగుండి, వెనక వేలాడే మంచం కాళ్ళు పోయి మలుపులోని మట్టిగట్టులో దిగబడ్డాయి. పెళ్ళినాటి ఇనుము, గట్టిది. జీపు కుదుపుతో ఆగింది. చింతపండు బస్తా ఒకటి దొర్లిపోవడం తప్ప ఎవరికీ ఏమీ కాలేదు.

తాతారావు పరుగెత్తుకొచ్చి చేతులు జోడించాడు. "మంగాయమ్మ పిన్నీ, మీరు మాత్రం దిగకండి! దిగితే పందెం పోతుంది!"

మంగాయమ్మ దిగింది. చెప్పు చేతిలో పట్టుకుని మరీ దిగింది. ఆవిడ అన్న మాటలు పిల్లలున్నచోట చెప్పేవి కావు. ఈలోగా సూరన్న జీపు వచ్చి ఆగింది. ఆడవాళ్ళూ, మూటలూ, ఆఖరికి నాగాయమ్మా, తలవైపు దిండుతో సహా అందులోకి ఎక్కేశారు. నూకరాజుని మంచానికి కాపలా పెట్టారు.

"ఇక పిలువు" అన్నాడు సూరన్న.

తాతారావు అటూ ఇటూ చూశాడు. చుట్టూ ఆడవాళ్ళు, పక్కన మట్టిలో దిగబడ్డ నాన్న జీపు. సిగ్గుతో చచ్చిపోయాడు. "సూరన్న... గారూ" అన్నాడు. అని, వెళ్ళి వెనక వేలాడాడు.

సూరన్నకి ఆ మాట ఎంత తియ్యగా ఉందో! దారి పొడుగునా ఏదో ఒకటి అడిగి మళ్ళీ మళ్ళీ గారూ అనిపించుకున్నాడు. ఆ తీపిలో పడి ఒక్క సంగతి మర్చిపోయాడు, తను పనిలో పెట్టుకున్నది ఎవర్నో.

కొండ మీద సంత దగ్గరికి చేరారు. రాత్రి వానకి నేలంతా బురద. జీపు వెనక్కి తిప్పి పెట్టాలి. వెనక పెద్ద మట్టిగట్టు.

"తాతారావూ, దిగి వెనక నిలబడు. నేను వెనక్కి తీస్తుంటే 'రానీ రానీ' అంటూ ఉండు. మధ్యలో నోరు మూశావో, ఊరుకోను!"

"చిత్తం సూరన్న గారూ" అన్నాడు తాతారావు. చెప్పింది చెప్పినట్టు చేసేవాడే బుద్ధిమంతుడు. "రానీ... రానీ..." మొదలెట్టాడు. జీపు వస్తోంది. "రానీ... రానీ..." గట్టు దగ్గరైంది. పక్కకి తప్పుకుని, "రానీ... రానీ..." అన్నాడు. జీపు వెళ్ళి మెత్తటి గట్టులోకి బుస్సున దిగిపోయింది. సైలెన్సరు గొట్టం మట్టిలో మునిగింది. ఇంజను ఠుస్సుమంది. తాతారావు ఆపలేదు. "రానీ... రానీ..."

"ఇంకెక్కడికి రానూ!" అని సూరన్న జుట్టు పీక్కుంటూ దిగాడు. తాళం తిప్పితే జీపు పలకదు. ఆఖరికి సిగ్గు విడిచి, "అమ్మా, కాస్త దిగి పట్టండమ్మా" అన్నాడు.

మంగాయమ్మ మళ్ళీ దిగింది. ఆడవాళ్ళంతా దిగారు. అటూ ఇటూ పట్టుకుని, బురదలో మోకాళ్ళ దాకా దిగబడి, జీపుని ముందుకి లాగుతున్నారు.

"చూస్తావేంట్రా, నువ్వూ నెట్టు! బలంకొద్దీ నెట్టు!" అని సూరన్న అరిచాడు.

తాతారావు జీపు ముందుకి పోయి, రెండు చేతులూ బోనెట్టుకి ఆనించి, ఇన్నాళ్ళ పౌరుషమంతా కూడదీసుకుని నెట్టాడు. జీపు, దాంతోపాటు ఆడవాళ్ళు, మొత్తం ఇంకో మూరెడు గట్టు లోపలికి పోయారు. సైలెన్సరున్న చోటు కూడా ఇక కనబడదు.

తాతారావు చెమట తుడుచుకున్నాడు. వెనక్కి వెళ్ళి, వంగి, మట్టికి చెవి ఆనించి విన్నాడు. చెయ్యి పెట్టి తడిమి చూశాడు. తర్వాత మీసం దువ్వుకుని లేచాడు.

"సూరన్న గారూ, మీ బండికి ఎక్కడా లీకు లేదండీ!"